చెఱువునుండి గాజుతొట్టికి: మంచినీటి రొయ్యల పెంపకపు పూర్వకథ

తుమకూరు మండలమునకు ఉత్తరపు కొసను, ఆంధ్రదేశపు టెల్లలు దాదాపు చుట్టివచ్చుటచేత కన్నడరాజ్యములో నుండియు తెలుగుమాట విడువని పావగడ తాలూకాలో, వల్లూరు అను గ్రామము కలదు. తిరుమణి, బళసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను పొరుగు గ్రామములతో కూడి, సుమారు 13,000 ఎకరముల సౌరవిద్యుత్క్షేత్రమునకు నేలనిచ్చి, ఈ యూరు ఇటీవల లోకమునకు తెలియవచ్చినది. వాన తక్కువ, ఎండ యెక్కువ. ఏరు పారినను పారకున్నను బావి లోతుకే పోవు నీరు. దశాబ్దముల తరబడి కఱవుసీమ యను పేరు. అట్టిచోట నిలిచి, మంచినీటి రొయ్యలను గాజుతొట్టిలో పెంచు వినోదము యొక్క చరిత్రమును విచారింపబూనుట మొదట విపరీతముగా తోపవచ్చును. కాని ఈ వినోదములో పైకి కనబడునది రొయ్యయే యైనను, పెంచువాడు దినదినము పోషించునది నీటిని. నీటిని కొలిచి వాడుకొనుట వంశపారంపర్యముగా నేర్చిన సీమకు ఆ విద్య పరాయిది కాదు.

వల్లూరు చుట్టుపట్ల భూమి పూర్వము నొళంబవాడిలోనిది. నొళంబపల్లవుల రాజధానియగు హెంజేరు, అనగా నేటి హేమావతి, మడకశిర సీమలో ఇచ్చటికి అనతిదూరముననే యున్నది. పావగడ తాలూకాలోనిదే యగు నిడుగల్లు దుర్గము నాశ్రయించి పాలించిన చోళవంశీయులు కల్యాణి చాళుక్యులకు సామంతులై యుండిరి. ఆ చాళుక్యచక్రవర్తులలో మూడవ సోమేశ్వరుడు, క్రీస్తుశకము 1130 ప్రాంతమున, సంస్కృతమున ‘మానసోల్లాసము’ అను విజ్ఞానకోశమును సంతరించి, అందు రాజోచితములగు వినోదములను వర్ణించుచు, మత్స్యవినోదమునకొక ప్రకరణమును ప్రత్యేకించెను. చేపలలో సముద్రమునందుండునవి యేవి, నదులయందుండునవి యేవి, పొలుసుగలవి యేవి, లేనివి యేవి, ఏ జాతికి ఏ యాహారము ప్రియము, నిర్ణీతస్థలమున మేతవేసి వానిని ఎట్లు మచ్చిక చేయవలెను అను విషయములను ఆ రాజు చెప్పిన తీరుచూచి, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధ్యక్షుడుగా నుండిన సుందరలాల్ హోరా 1951లో దానిపై ఒక ప్రత్యేకవ్యాసమును వ్రాసెను. సోమేశ్వరునకు గాలపువేటయే పరమార్థ మనుట నిజమే. అయినను వేటకు పూర్వము పోషణము, పోషణమునకు పూర్వము ఆ ప్రాణి రుచి తెలిసికొనుట అను క్రమము నాతడు గుర్తించినాడు. గాలమునకు చిక్కని అల్పప్రాణి యగుటచేత రొయ్యమాత్రము రాజవినోదమున కెక్కక, సామాన్యుల బుట్టలోనికే పోయెను.

ఈ సీమలో జలచరముల కాశ్రయమిచ్చినది నదులకన్న చెఱువులే. పాలించినవాడు సామంతుడైనను సార్వభౌముడైనను చెఱువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా నెంచెను. విజయనగరపు ప్రథమ బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కడప మండలమునందలి పోరుమామిళ్ల చెఱువు కట్టించి 1369లో వేయించిన శాసనము, దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిన సంగతి చెప్పి, అంతటితో నిలువక, మంచి చెఱువునకు కావలసిన 12 అంగములను, చెఱువునకు తగని 6 దోషములను ఏకరువు పెట్టినది. కట్టలో ఊట, చవుటినేల, రెండు రాజ్యముల యెల్లపై నుండుట, చెఱువు నడుమ మెట్ట, నీరు కొద్దియై ఆయకట్టు పెద్దదగుట, నీరు పెద్దదై ఆయకట్టు కొద్ది యగుట, ఇవి ఆ యారు దోషములు. మూడవదానిని తప్పించుకొను అదృష్టము పావగడకు లేదుగాని, తక్కినవానిలో చవుడును, నీటికిని భారమునకును పొందిక తప్పుటయు నేడు గాజుతొట్టిలో రొయ్యను పెంచువానికిని మొదటి శత్రువులు. తొట్టి చిన్నదై ప్రాణులు మిక్కిలి యైనచో వాని మలమునుండి పుట్టు అమ్మోనియా విషమగును. లవణములు మితిమీరినచో రొయ్య పెంకు విడువలేక మధ్యలోనే మరణించును. ఆరువందల యేండ్లనాటి జలశాస్త్రజ్ఞుని సూత్రము రెండడుగుల తొట్టికిని వర్తించుట గమనింపదగినది.

అయితే చెఱువులలోను, వాగులలోను పాచి తిని బ్రదుకు చిన్నరొయ్యలను శాస్త్రదృష్టితో చూచి పేరుపెట్టిన కాలము ఆలస్యముగా వచ్చినది. ఫ్రాన్సుదేశపు ప్రాణిశాస్త్రజ్ఞుడు మిల్న్-ఎడ్వర్డ్స్ 1844లో మన కృష్ణాగోదావరులలోని పెద్ద యేటిరొయ్యకు, మద్రాసు సైన్యములో వైద్యుడుగా నుండిన మాల్కమ్‌సన్ పేరును చేర్చి మాల్కమ్‌సనై అని నామకరణము చేసెను. ఆ దేశమువాడే యగు బూవియే, వ్రేలిగోరునకు మించని మంచినీటి చిన్నరొయ్యల కుటుంబమును తన జీవితకార్యములలో నొకటిగా చేపట్టి, 1904లో చీనాదేశపు రొయ్య నొకదానికి దావీదు పాదిరి పేరును, 1918లో హిందూదేశపు రొయ్య నొకదానికి బాబో అను యాత్రికుని పేరును పెట్టి, 1925లో ఆ కుటుంబమంతటిపై బృహద్గ్రంథమును వెలువరించెను. మ్యూజియపు సారాసీసాలలో రంగువెలిసి పడియున్న ఈ రెండు జాతులును నూరేండ్లు తిరుగకమునుపే సజీవములై దేశదేశముల అంగళ్లకెక్కునని ఆ పండితుడు తలచి యుండడు.

సజీవముగా నుంచుటకు గాజుతొట్టి కావలెను. గాజుతొట్టి నిలుచుటకు దానివెనుక నొక సిద్ధాంతము కావలెను. ఆ సిద్ధాంతమును 1850లో లండనునందు రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు నెలకొల్పెను. బంగారుచేపలను, వాలిస్నేరియా అను నీటిగడ్డిని ఒకే పాత్రలో నుంచగా, గడ్డి విడుచు ప్రాణవాయువు చేపలకు చాలినను, కుళ్లిన ఆకులు నీటిని చెఱచుట చూచి, ఆ యాకులను తినుటకు చెఱువునత్తలను చేర్చి ఆతడు పాత్రను నిలుకడకు తెచ్చినాడు. చెత్తతిని నీటిని కాచు మూడవప్రాణి యొకటి యుండవలెనని ఆనాడే తేలినది. ఆ నత్త స్థానమునకే తరువాతి శతాబ్దమున రొయ్య వచ్చినది. 1853లో లండను జంతూద్యానమున మత్స్యశాల తెఱువబడినది. మరుసటి యేడు గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వ్రాసిన గ్రంథము ఆ వేడుకను ఇంటింటికి చేర్చినది. మన దక్షిణదేశమున మద్రాసు సముద్రతీరమున 1909లో వెలసిన అక్వేరియము ఈ విషయమున మార్గదర్శి. ఆ మరుసటి సంవత్సరమే మద్రాసు క్రైస్తవ కళాశాలలోని హెండర్సన్, జార్జి మత్తాయితో కూడి, దక్షిణదేశపు మంచినీటి రొయ్యలపై శాస్త్రీయవ్యాసమును ప్రకటించెను. బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియము 1951లోను, బెంగుళూరు కబ్బన్ పార్కులోని ప్రభుత్వ అక్వేరియము 1983లోను వచ్చినవి. పావగడ పిల్లవాడు బెంగుళూరుకు పోయినప్పుడు గాజుగోడ వెనుక నీటిలోకమును చూచుటకు అవకాశ మేర్పడినది ఈ చివరిదానివలననే.

రొయ్యను అలంకారప్రాణిగా లోకమునకు పరిచయము చేసిన ఘనత జపానుదేశపు ఛాయాచిత్రకారుడు తకాషి అమానోకు (1954–2015) చెందును. తొట్టిలో ఉద్యానములను నిర్మించుచు, ఆకులపై నల్లుకొను పాచిని తొలగించు ఉపాయమును వెదకుచు, ఆతడు 1980ల తొలిభాగమున తనదేశపు ఏళ్లలోని చిన్నరొయ్యలను వందలుగా తెప్పించి తొట్టిలో విడిచెను. అవి పాచినంతయు మేసి, మొక్కను ముట్టక, నీటిని తేటపరచినవి. నేడు దేశదేశములలో అవి ఆతని పేరనే యమ్ముడుపోవుచున్నవి. కాని వీనికొక చిక్కు కలదు: తల్లి మంచినీటిలో గ్రుడ్లు విడిచినను, పిల్లలు సముద్రపు ఉప్పునీటిని చేరినగాని పెరుగవు. మన నీలకంఠ రొయ్య విషయమును ఇట్టిదే. మలయాదేశమున షావో-వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు 1960ల ప్రారంభమున ఆ రొయ్యపిల్లలు నిలుచుటకు కొంత ఉప్పు కావలెనని కనుగొనువరకు, దాని పెంపకము ఎవరికిని సాధ్యము కాలేదు. కాబట్టి అమానో రొయ్యలు నేటికిని అధికభాగము ఏళ్లనుండి పట్టి తేబడుచున్నవే. ఒక తొట్టిలోని పాచి తీరుటకు ఎక్కడిదో యొక యేరు కొంచెము కొంచెముగా వెలితిపడవలసి వచ్చుచున్నది.

ఈ చిక్కునుండి వినోదమును విడిపించినవి, సముద్రము నపేక్షింపక చెఱువునందే పిల్లలు పెద్దలగు జాతులు. బూవియే దావీదు పేరు పెట్టిన చీనా రొయ్య అట్టిది. దాని సహజవర్ణము మట్టిరంగు. తైవానునందలి పెంపకందార్లు దానిలో ఎఱ్ఱఛాయ గలవానిని తరతరములుగా ఏరి కలిపి, ‘చెర్రీ’ యను పేర ఎఱ్ఱని రొయ్యను తయారుచేసిరి. తరువాత పసుపు, నీలము, నారింజ వర్ణములు వచ్చినవి. ఆడుది ఇరువది ముప్పది గ్రుడ్లను కడుపుక్రింద మోసి, ఒక నెలలో తల్లిని పోలిన పిల్లలనే విడుచును. భిన్నవర్ణముల వానిని ఒక్కతొట్టిలో కలిపినచో కొన్ని తరములలో అన్నియు మట్టిరంగునకే మరలును. కావున రంగు నిలుపుట యనగా వంశావళిని నిలుపుట. జపానులో హిసయాసు సుజుకి అను పెంపకందారు 1990ల ఆరంభమున, నలుపు తెలుపు పట్టెల తేనెటీగరొయ్యలలో ఎఱ్ఱపట్టెలది యొకటి పుట్టుట చూచి, దానిని విడదీసి, యేండ్లతరబడి ఎంపికచేసి, ‘క్రిస్టల్ రెడ్’ అను వంశమును నెలకొల్పెను. ఆ వంశమునకు వెల యెంత హెచ్చినదో, నీటిపై దాని గారాబమును అంతే హెచ్చినది: మెత్తని నీరు, స్వల్పమైన ఆమ్లగుణము, ఇరువదినాలుగు డిగ్రీలకు లోబడిన చల్లదనము లేనిదే అది నిలువదు.

ప్రాణి యెచ్చటినుండి వచ్చినది యను ప్రశ్నను ఉపేక్షించినందుకు వచ్చిన కీడు ఇండోనేషియాలోని సులవేసీ ద్వీపమున కనబడినది. అచ్చటి మటానో సరస్సులో, రక్తవర్ణదేహముపై తెల్లని చుక్కలు గల చిన్నరొయ్య యొకటి కలదు. శాస్త్రజ్ఞులు దానిని 2009లో వర్ణించి, పరిశోధనకు తోడ్పడిన జర్మనీ అక్వేరియము సంస్థ పేరున ‘డెన్నెర్లీ’ యని పిలిచిరి. ఆ నామకరణమునకు పూర్వమే అది వ్యాపారమునందు ప్రవేశించినది. ఇప్పుడది అత్యంతాపదలో నున్న జాతుల పట్టికలో చేరినది. ఒడ్డున నికెల్ గనులు, నీటిలో మనుష్యులు తెచ్చి విడిచిన అలంకారమత్స్యములు, ఏళ్లుగా సాగిన పట్టుబడి, ఇన్నింటినడుమ ఆ సరస్సు చిక్కినది. తొట్టిలో ఈ జాతిని పెంచి పిల్లలు తీయగలిగినవారు లోకమున కొందరున్నారు. అట్టివారు కేవల విలాసులు గాక, ఒక జాతిశేషమునకు కాపరులు కూడ నైరి.

మన దేశమున చెన్నపురిలోని కొళత్తూరు, కలకత్తాలోని గాలిఫ్ వీధి అలంకారమత్స్యముల పెంపకమునకును విక్రయమునకును చిరకాలమునుండి ప్రసిద్ధములు. చేపలను పెంచుటలో చేయితిరిగిన ఈ వ్యాపారమున రొయ్య చివరకు వచ్చినది. బాబో పేరున వెలసిన మనదేశపు రొయ్యను, పొడుగుముక్కు ఎఱ్ఱరేఖ రొయ్యను వాగులనుండి పట్టి విదేశములకు పంపినవారు కలరు. అదే సమయమున మనవారు చెర్రీ రొయ్యలను విదేశములనుండి తెప్పించుకొని పెంచిరి. ఇంటిప్రక్క వాగులోనిది దూరదేశపు తొట్టికి పోవుట, దూరదేశపు తొట్టిలోనిది మన యింటికి వచ్చుట అను ఈ వినిమయములో మొదటిది యేటిని కృశింపజేయును; రెండవది ఏ యేటికిని కష్టము కలిగింపదు. ఒకసారి తెచ్చిన పదిరొయ్యలు, నీరు కుదిరినచో, ఏడాదిలో వందలగును. తరువాతివాడు పొరుగువాని తొట్టినుండియే తెచ్చుకొనవచ్చును.

ఇట్టి పొరుగుతొట్టి వల్లూరువంటి చోటను సాధ్యమా యను ప్రశ్నకు సమాధానము నేలను చూచియే చెప్పవలెను. పావగడ భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చు. అది త్రాగినవారి పండ్లకును ఎముకలకును కీడుచేయుటచేత, శుద్ధజలయంత్రముల నీరు బిందెల కెక్కవలసి వచ్చినది. ఆర్‌ఓ నీరని జనులు పిలుచు ఆ జలములో లవణములు దాదాపు లేవు. క్రిస్టల్ రొయ్యల పెంపకందార్లు లోకమంతటను చేయుపని యిదియే: ముందు నీటిలోని లవణములన్నింటిని తీసివేసి, పిదప రొయ్య పెంకునకు కావలసిన కాల్షియము, మెగ్నీషియములను కొలతప్రకారము కలుపుట. చెర్రీరొయ్య కొంత గట్టినీటినైనను సహించును. దానికి కుళాయిలలోని రాగి మాత్రము విషము. తన రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమునకు రాగియే ఆధారమయ్యును, నీటిలో కరిగిన రాగి స్వల్పమైనను రొయ్య నశించును. ఎండిన నాటుబాదమాకు నొకదానిని తొట్టిలో వేసినచో, అది మెల్లగా నాని మేతయు, నీడయు నగును. వేసవి వేడిమి యొక్కటియే ఈ సీమలో దుర్జయము. అందుచేత తేనెటీగరొయ్య నిచ్చటి కాహ్వానించుటకన్న చెర్రీతో తృప్తిపడుట వివేకము.

వల్లూరు రైతులు నేలను అమ్ముకొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున, రెండేండ్ల కొకసారి నూటికైదు పెరుగు ఒడంబడికపై కౌలునకిచ్చిరి. 2018లో మొదలై 2,050 మెగావాట్ల వరకు పెరిగిన ఆ సౌరక్షేత్రమున యజమానిత్వము వారియందే నిలిచియున్నది. మూలమును చెడనీయక ఫలమును అనుభవించుట యను ఈ న్యాయమునే చెఱువు త్రవ్వించినవారును పాటించిరి. రొయ్యల పెంపకమునకును అంతకు మించిన ధర్మము లేదు. రొయ్య యే యేటినుండి వచ్చెనో యడిగి తెలిసికొనుట, తొట్టిలో పుట్టినదానిని యేటినుండి పట్టినదానికన్న మేలుగా నెంచుట, పెరిగినవానిని స్థానిక చెఱువులలో ఎన్నడును విడువకుండుట, ఈ మూడును పాటించినవాడు సోమేశ్వరుని వినోదమునకు సోమేశ్వరు డెఱుగని మర్యాద నొకదానిని చేర్చినవాడగును.