రెండక్షరముల ఆజ్ఞలు

నేటి విద్యార్థి కంప్యూటరు తెరపై ఒక బొమ్మను తాకి తనకు కావలసిన పని చేయించుకొనుచున్నాడు. ఆ బొమ్మల వెనుక మరియొక పద్ధతి కలదు. అక్షరములను టైపు చేసి యంత్రమునకు ఆజ్ఞలిచ్చు ఈ పద్ధతిని కమాండ్ లైన్ అందురు. దీనిని మొదటిసారి చూచిన వారికి ఒక సందేహము కలుగును. ఈ ఆజ్ఞలు ఇంత పొట్టిగా, ముక్కలు ముక్కలుగా ఏల యున్నవి? ఫైళ్ల జాబితా కావలెనన్న ఎల్‌ఎస్, నకలు తీయవలెనన్న సీపీ, పేరో చోటో మార్చవలెనన్న ఎంవీ, తీసివేయవలెనన్న ఆర్‌ఎం. వీనిని మంత్రాక్షరములవలె కంఠస్థము చేయనక్కరలేదు. వీని రూపమునకు కారణము వీని చరిత్రలోనే కలదు.

1950 దశకములో కంప్యూటరుతో ఎదురెదురుగా సంభాషించు అవకాశము సామాన్యముగా ఉండెడిది కాదు. పని కోరువాడు తన ప్రోగ్రామును అట్టకార్డులపై రంధ్రములుగా పొడిపించి, ఆ కట్టను యంత్రశాలలోని ఉద్యోగికి ఒప్పగించెడివాడు. ఫలితము కొన్ని గంటలకో, మరునాటికో చేతికందెడిది. ఒక్క కామా తప్పినను ఆ శ్రమయంతయు వ్యర్థమే. యంత్రము బహు ఖరీదైనది గనుక మనిషియే దానికొరకు కాచుకొనవలసి యుండెను.

ఈ స్థితి మారుటకు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిగిన కృషి ముఖ్యమైనది. అచ్చట ఫెర్నాండో కోర్బాటో, ఆయన సహచరులు 1961 నవంబరులో సీటీఎస్‌ఎస్ అను వ్యవస్థను ప్రదర్శించిరి. ఇందులో ఒకే కంప్యూటరు తన కాలమును చిన్న చిన్న భాగములుగా చేసి పలువురకు వంతులవారీగా పంచును. వంతులు అతి వేగముగా తిరుగుటచే ప్రతివారికిని యంత్రమంతయు తమదేయని తోచును. టైపురైటరువంటి పరికరము ముందు కూర్చుండి, ఆజ్ఞ నిచ్చి, అప్పటికప్పుడే సమాధానము పొందుటకు దీనితో వీలయ్యెను.

ఆ సంస్థలో పనిచేసిన ఫ్రెంచి ఇంజనీరు లూయీ పూజాన్ ఒక విషయము గమనించెను. మనుష్యులు అవే ఆజ్ఞలను అదే వరుసలో మరల మరల టైపు చేయుచుండిరి. ఆ వరుసను ఒక ఫైలులో వ్రాసి యుంచినచో యంత్రమే చదువుకొని నెరవేర్చునట్లు ఆయన ఒక ప్రోగ్రాము వ్రాసెను. తరువాత మల్టిక్స్ అను పెద్ద వ్యవస్థకు రూపకల్పన జరుగుచున్నప్పుడు, ఆజ్ఞలను చదివి నెరవేర్పించు భాగమునకు షెల్ అని పేరు పెట్టినదియు ఆయనయే. కొబ్బరికాయలోని గుంజును చిప్ప కప్పియున్నట్లు, వ్యవస్థ యొక్క లోపలి భాగమునకును వాడుకొను మనిషికిని నడుమ షెల్ నిలిచియుండును.

మల్టిక్స్ పనిలో పాలుగొన్న బెల్ ప్రయోగశాల 1969లో దానినుండి వైదొలగెను. అచ్చటి శాస్త్రజ్ఞులు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అదే సంవత్సరము పీడీపీ-7 అను చిన్న కంప్యూటరుపై స్వంతముగా ఒక వ్యవస్థను నిర్మింప నారంభించిరి. అదియే యునిక్స్. వారు వాడిన టెలిటైప్ యంత్రము సెకనుకు 10 అక్షరములను మాత్రమే కాగితముపై ముద్రించెడిది. దాని మీటలు నొక్కుటకు వ్రేళ్లకు బలము కావలసి యుండెను. మాటకింత యని రుసుము చెల్లించి తంతి పంపినవారు మాటలను కుదించినట్లే, ఇచ్చట అక్షరములు కుదింపబడెను. లిస్ట్ అను మాట ఎల్‌ఎస్ అయ్యెను. కాపీ అను మాట సీపీ అయ్యెను. 1971 నవంబరు 3వ తేదీతో వెలువడిన యునిక్స్ మొదటి కరదీపికలో ఈ ఆజ్ఞలు కలవు. ఇవి శాస్త్రజ్ఞులకే పరిమితము కాలేదు. ఆ సంవత్సరముననే అచ్చటి పేటెంటు విభాగమునకు చెందిన ముగ్గురు టైపిస్టులు తమ దినచర్యలో యునిక్స్‌ను ఉపయోగించిరి.

ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన సంఘటన యొకటి ఈ చరిత్రలో కలదు. ఒక డైరెక్టరీనుండి మరియొకదానికి మారుటకు మొదట ఐదక్షరముల ఆజ్ఞ ఉండెను. నేటి సీడీ దాని కుదించిన రూపమే. ప్రతి ఆజ్ఞను నెరవేర్చుటకు షెల్ తనవంటి ఒక పిల్ల ప్రక్రియను పుట్టించు పద్ధతిని ప్రవేశపెట్టగానే ఈ ఆజ్ఞ పనిచేయుట మానెను. పరిశీలింపగా కారణము తెలిసెను. పిల్ల ప్రక్రియ డైరెక్టరీ మారి, పని ముగించి, అంతరించుచుండెను. షెల్ మాత్రము ఉన్నచోటనే ఉండెను. కొడుకు పొరుగూరికి పోయినంత మాత్రమున తండ్రి అచ్చటికి చేరడు గదా! అందుచే ఈ పనిని షెల్ తానే చేయునట్లు మార్చిరి. నేటికిని సీడీ ఆజ్ఞను షెల్ స్వయముగానే నెరవేర్చును.

యునిక్స్ ఆజ్ఞల అసలు బలము వాని కూడికలో నున్నది. ఒక ప్రోగ్రాము ఫలితమును తోటలో నీటి గొట్టములను జోడించినట్లు మరియొక ప్రోగ్రామునకు అందింపవలెనని డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే సూచించెను. 1973లో థాంప్సన్ దానిని యునిక్స్‌లో అమర్చెను. రెండు ఆజ్ఞల నడుమ ఒక నిలువు గీత గీసిన చాలును. ఒక ఉదాహరణము: పాఠశాల గ్రంథాలయమున పుస్తకములు తీసికొన్నవారి పేర్లు పంక్తికొకటిగా ఒక ఫైలులో నున్నవనుకొనుడు. సార్ట్ ఆజ్ఞ వానిని వరుసపరచును. యూనిక్ ఆజ్ఞ ప్రక్కప్రక్కన మరల వచ్చిన పేర్లను తొలగించును. డబ్ల్యూసీ ఆజ్ఞ మిగిలిన పంక్తులను లెక్కించును. మూడింటిని గొట్టముతో కలిపినచో గ్రంథాలయమును వాడుకొన్న విద్యార్థుల సంఖ్య క్షణములో తెలియును. ఈ లెక్కకొరకు ఎవ్వరును ప్రత్యేకముగా ప్రోగ్రాము వ్రాయనక్కరలేదు.

ఇంతటి శక్తితోపాటు ప్రమాదమును కలదు. పని సవ్యముగా జరిగినచో ఈ ఆజ్ఞలలో పెక్కులు ఏమియు పలుకవు. ఆర్‌ఎం అన్నచో సామాన్యముగా ఫైలు పోవును, "నిజముగానా?" యని యంత్రము ప్రశ్నింపదు, తీసివేసినవానిని దాచు చెత్తబుట్టయు ఇచ్చట లేదు. కనుక ఒక గుంపు ఫైళ్లను తీసివేయుటకు ముందు, అదే గుర్తును ఎల్‌ఎస్‌తో వాడి ఏ యే పేర్లు వచ్చునో చూచుకొనుట మంచి అలవాటు. ఆర్‌ఎం తరువాత ఒక చిన్న గీతను, ఐ అను అక్షరమును చేర్చినచో యంత్రము ప్రతి ఫైలుకును అనుమతి అడుగును. ఆజ్ఞ యొక్క బాధ్యత ఇచ్చువానిదేయను నియమము ఈ పద్ధతికి మూలము.

టెలిటైప్‌లు పోయినవి, ఆజ్ఞలు నిలిచినవి. 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్, 1989లో బాష్ వెలువడెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించెను. 2017 నవంబరులో ప్రకటింపబడిన ప్రపంచపు మహాకంప్యూటర్ల జాబితాలోని 500 యంత్రములును లినక్స్‌తోనే నడిచినవి. యునిక్స్ నిర్మాతయైన థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి 1992లో యూటీఎఫ్-8 అను సంకేత పద్ధతిని రూపొందించెను. ఆ పద్ధతిలో తెలుగు లిపి యొక్క ఒక్కొక్క సంకేతము మూడు బైట్ల చోటు తీసికొనును. సెకనుకు 10 అక్షరములు ముద్రించిన యంత్రముకొరకు పుట్టిన ఎల్‌ఎస్, నేడు తెలుగున పేరు పెట్టిన ఫైలును తెలుగు లిపిలోనే చూపుచున్నది.

బొమ్మను తాకువానికి ఇతరులు ముందుగా ఏర్పరచిన పనులే దొరకును. ఆజ్ఞలెరిగినవాడు వానిని కలిపి ఎవ్వరును తలపెట్టని పనినైన చేయించగలడు. పది పన్నెండు చిన్న మాటలు నేర్చుకొన్న విద్యార్థి ఈ సామర్థ్యమునకు మొదటి మెట్టుపై నిలుచును.