విత్తినవాడు చూడని కోత



పది కుటుంబములు మాత్రమే కూడుకొను పల్లెలో ఏండ్ల తరబడి వాక్యము చెప్పుచున్న సువార్తికుడు, నలుగురు పిల్లలకు ఆదివారపు బడి నడుపుచున్న సహోదరి, "దేవుడు నన్ను నిజముగా పిలిచెనా? పిలిచినయెడల ఫలమేది?" అని లోలోపల అడుగుకొనుట కలదు. అట్టివారి కొరకు మన తెలుగు సంఘ చరిత్రలోని యొక సంగతిని జ్ఞాపకము చేయగోరుచున్నాను.

అమెరికా బాప్తిస్టులు పంపిన శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున పని స్థాపించిరి. ఎంత ప్రయాసపడినను చేరిన విశ్వాసులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. ఆరోగ్యము చెడి 1845లో స్వదేశమునకు వెళ్లిరి. 1849లో జూవెట్ దొరగారిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చిరి. 1853లో శరీరము సహింపక మరల వెళ్లిపోయిరి. ఆయన ఇక తిరిగి రాలేదు.

ఆ సంవత్సరమే అమెరికాలోని ఆల్బనీ పట్టణమున మిషను సభ కూడెను. ఫలములేని తెలుగు మిషనును మూసివేయుదమా యను ప్రశ్న వచ్చెను. గోడమీది పటములో బర్మా దేశమున అనేక స్థానములుండగా, ఈ ప్రక్కను నెల్లూరు ఒక్కటే కనబడెను. దానికి ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు వచ్చెను. ఎస్. ఎఫ్. స్మిత్ గారు ఆ నక్షత్రమును గూర్చి పద్యములు వ్రాసిరి. అవి సభలో చదువబడగా అందరి హృదయములు కరగెను, మిషను నిలిచెను.

1854 జనవరి 1వ తేదీ ఉదయమున ఒంగోలు కొండమీద అయిదుగురు మోకరించిరి. జూవెట్ దొరగారు, దొరసానిగారు, వారితోకూడ నరసు, జూలియ, రూతు అను తెలుగు విశ్వాసులు. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని వారు దేవుని వేడుకొనిరి. ఆ అయిదుగురిలో ముగ్గురు మనవారే యని మరువకుడి. పిలుపు దొరలకు మాత్రమే కలిగినది కాదు.

1862లో మిషనును మూయుమాట మరల వచ్చెను. అప్పుడు స్వదేశమందున్న జూవెట్ దొరగారు, ఎవరు పంపకున్నను తాను తెలుగువారియొద్దకు తిరిగి పోయెదననిరి. 1865లో ఆయన వెంట క్లౌ దొరగారు వచ్చిరి. ఈ క్లౌ దొరగారు 1836లో, అనగా డే దొరగారు మన దేశమున కాలుపెట్టిన యేటనే, పుట్టినవారు. విత్తువాడు పొలమునకు వచ్చిన సంవత్సరముననే దేవుడు కోయువానిని పుట్టించెను. ఆ సంగతి డే దొరగారికి నాడు తెలిపినవారెవరు?

1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనమండుగురితో ఏర్పడెను. త్వరలోనే శోధన వచ్చెను. పై కులములవారు తమ పిల్లలను మిషను బడికి పంపుచుండిరి. మాదిగ సహోదరులు విశ్వసించి రాసాగగా, వారిని చేర్చుకొనినయెడల మేము రామనిరి. ఏమి చేయుదమని క్లౌ దొరగారు ఒక గదిలోను దొరసానిగారు వేరొక గదిలోను బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీ మొదటి అధ్యాయము చివరి భాగమే కనబడెను. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని అక్కడ చదువుచున్నాము. వారు ఘనులను పోనిచ్చిరి గాని బీదలను విడువలేదు.

తరువాత 1876–78 సంవత్సరముల ఘోరమైన కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి యిచ్చిరి. వేలమంది బాప్తిస్మము కోరిరి. అయినను కూటికొరకు ఎవరును క్రీస్తునొద్దకు రాకూడదని 15 నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. ఫలములేనప్పుడు పొలమును విడువకుండుట నమ్మకత్వము. ఫలము కంటికి కనబడునప్పుడు పచ్చికాయను కోయకుండుటయు నమ్మకత్వమే.

సహాయపు పని ముగిసిన పిమ్మటను వారు వచ్చుట మానలేదు. 1878 జులై 3న, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. జూవెట్ దొరగారు సజీవులై ఆ వార్తను వినిరి. డే దొరగారు వినలేదు. ఆయన 1871లోనే ప్రభువునందు నిద్రించిరి.

చదువరీ, డే దొరగారి సేవ వ్యర్థమనగలవా? నెల్లూరున ఆయన దీపము వెలిగింపనియెడల, ఆల్బనీ సభవారు పటములో చూచుటకు నక్షత్రమే లేకపోవును. నాటువాడును నీళ్లు పోయువాడును ఒక్కటే, వృద్ధి కలుగజేయువాడు దేవుడే యని పౌలు కొరింథీయులకు వ్రాసెను. గృహనిర్వాహకునియందు నమ్మకమునే వెదకుదురనియు ఆయనయే వ్రాసెను. ఎన్ని పనలు కోసితివని అతడు చెప్పలేదు.

కాబట్టి వచ్చు ఆదివారము నీ గుడిలో పదిమందియే కూర్చున్నను, రెండువేలమందికి చెప్పునంత శ్రద్ధతో సిద్ధపడి చెప్పుము. సంఘస్థుడవైతే, మీ పల్లె సువార్తికుని యింటికి ఈ వారమే వెళ్లి అతనితో కలిసి ప్రార్థించుము. కొండమీద మోకరించినవారు అయిదుగురే గదా! నీవు విత్తిన పొలములో కోయబోవువాడు నేడు నీ ఆదివారపు బడిలో చాపమీద కూర్చుండి యుండవచ్చును.