జటాజూటం నుంచి జూట్ మిల్లు దాకా

విజయనగరం జిల్లా నెల్లిమర్లలో ఎవరినడిగినా 'జూట్ మిల్లు' అనే అంటారు. జూట్ ఇంగ్లీషు మాటేనని అందరి నమ్మకం. నిఘంటువులు తిరగేస్తే సంగతి అడ్డం తిరుగుతుంది.

ఇంగ్లీషు రాతల్లో ఈ మాట పద్దెనిమిదో శతాబ్దంలో గానీ కనిపించదు. బెంగాలీ 'ఝుటో' నుంచో, ఇచ్ఛాపురం దాటితే వినిపించే ఒడియా 'ఝొట' నుంచో పట్టుకెళ్లారు. దాని వెనక సంస్కృతం 'జూట' ఉందని పండితులు చెబుతారు. మెలిపెట్టి ముడివేసిన జుట్టు అని దాని అర్థం. శివుడి జటాజూటంలో వెనక సగం ఇదే. ముందు సగం 'జట' మన ఇళ్లలో 'జడ' అయింది. పీచును చూసి తలకట్టు తలచుకున్నవాడెవరో గానీ, మంచి కన్నున్నవాడు.

ఇంగ్లీషులో అదే అక్షరాలతో ఇంకో జూట్ ఉంది. డెన్మార్క్ వైపు నుంచి బ్రిటన్‌కు వలస వెళ్లిన ఒక జాతి పేరది. అక్షరాలు కలిశాయని చుట్టరికం కలిపితే నవ్వులపాలవుతాం.

తెలుగు పుస్తకాల్లో జూట్‌ను జనపనార అంటారు. నాకది అంతగా రుచించదు. జనప అంటే జనుము, చిక్కుడు కుటుంబపు మొక్క, సంస్కృతంలో 'శణ'. జూట్ దారి వేరు. పైగా విజయనగరం, శ్రీకాకుళం రైతులు మిల్లులకు పండించింది ఎక్కువగా ఈ రెండూ కాదు, గోగు. ఇది మందార కుటుంబం. కోసిన గోగు కట్టలు చెరువులో ఊరవేస్తారు. బెరడు వదిలాక మొలలోతు నీళ్లలో నిలబడి నార ఒలుస్తారు. ఆ కంపు ఊరి పొలిమేర దాకా కొడుతుంది. ఆకు సంగతి మాత్రం వేరు. గోగు, కూర కలిసి గోంగూరైంది, పచ్చడి జాడీకెక్కింది.

ఈ గోగునార భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కింది. దొరల నోట ఊరు బిమ్లిపటం, నార 'బిమ్లి జూట్' అయ్యాయి. వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పేరుంది. గద పట్టిన భీముడు బిమ్లిగా చిక్కిపోవడం మాత్రం చూడలేం.

నార నేస్తే గోనె. సంస్కృతంలో 'గోణీ'. పాణిని ఒక వ్యాకరణ సూత్రంలో దానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు: ధాన్యం పోసుకునే సంచి అయితే 'గోణీ' అనాలట. భాష్యకారుడు పతంజలి దగ్గర అదే మాట వేరే నేరం మీద దొరికిపోయింది. ఆవును 'గౌః' అనకుండా జనం అనే అపశబ్దాల జాబితాలో 'గోణీ' కూడా ఉంది. సంచిగా సాధువు, ఆవుగా అసాధువు! వ్యాకరణ కోర్టుల్లో ఇలాంటి తీర్పులు మామూలే.

గోణీ హిందీలో 'గోనీ' అయి, ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కి 'గన్నీ' అయింది. ఇప్పుడది సర్కారు కాగితాల మీద మనకే తిరిగొచ్చింది. వరి కోతలొచ్చాయంటే పేపర్లలో 'గన్నీ బ్యాగుల కొరత'. కొనుగోలు కేంద్రం దగ్గర రైతు కూడా గన్నీలే అడుగుతాడు, చిట్టా రాసేవాడికి అర్థం కావాలి కదా. అదే సంచి ఇంటికొచ్చి పెసలు నింపుకుంటే మళ్లీ గోతామే.