బస్సు డిపోలో తయారైన యుద్ధ విమానం

మేముండేది ఇంగ్లండులోని సాల్స్‌బరీ దగ్గర. ఇయర్ సిక్స్ చదువుతున్న మా అబ్బాయి రెండో ప్రపంచ యుద్ధం ప్రాజెక్టు తెచ్చుకుని, "అమ్మా, మన ఊరి గ్యారేజీల్లో విమానాలు చేశారట, నిజమేనా?" అని అడిగాడు. వాడికి చెప్పినదే మీకూ చెబుతున్నాను.

యుద్ధానికి మనుషులు, ఇనుము ఎంత అవసరమో, పని చేసుకోవడానికీ సరుకు దాచుకోవడానికీ చోటు అంతే అవసరం. బ్రిటన్‌లో 1939 ఆగస్టులో వచ్చిన అత్యవసర అధికారాల చట్టంతో, కావలసిన స్థలాన్నీ భవనాన్నీ స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి దక్కింది. యజమాని హక్కు పోదు, వాడుకున్నందుకు పరిహారమూ ఇస్తారు. కానీ "ఇవ్వను" అనడానికి లేదు.

స్పిట్‌ఫైర్ విమానాల ప్రధాన ఫ్యాక్టరీ సౌతాంప్టన్‌లో ఉండేది. 1940 సెప్టెంబరు 24, 26 తేదీల్లో జర్మన్లు దానిమీద బాంబులు వేశారు. చాలామంది ప్రాణాలు పోయాయి. అన్నీ ఒకేచోట ఉంటే మళ్ళీ దెబ్బ తగులుతుందని, విమాన ఉత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ పనిని చిన్న చిన్న చోట్లకు పంచేయమన్నారు. సౌతాంప్టన్, సాల్స్‌బరీ, ట్రోబ్రిడ్జ్, రెడింగ్ ఊళ్ళలో గ్యారేజీలు, లాండ్రీలు, బస్సు డిపోలు తీసుకున్నారు. ఒకచోట రెక్కలు, మరోచోట విమానం మొండెం చేసేవారు. వాటిని లారీల్లో ఎయిర్‌ఫీల్డుకు చేర్చి బిగించేవారు. డిజైన్ విభాగం హర్స్‌లీలోని ఒక పెద్ద బంగళాకు మారింది. సాల్స్‌బరీలో ఈ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, కుర్రాళ్ళు. ఏం చేస్తున్నారో బయట చెప్పకూడదు.

1941లో ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. మేజోళ్ళు, చెప్పులు, నూలు బట్టలు వంటివి చేసే పరిశ్రమల్లో కొన్ని ఫ్యాక్టరీలనే నడవనిచ్చి, మిగతావాటి పనిని వాటిలో కలిపింది. ఖాళీ అయిన భవనాలు ఆయుధాల తయారీకి, గోదాములకు ఉపయోగపడ్డాయి. వీటి కేటాయింపు చూడటానికి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కింద ఒక ప్రత్యేక విభాగమే పెట్టారు. యుద్ధం అయ్యాక మళ్ళీ తెరుచుకోవడానికి సాయం చేస్తామని మూతపడ్డ సంస్థలకు మాట ఇచ్చారు. కానీ మూతపడ్డ షాపుకు పాత కస్టమర్లు తిరిగి వస్తారో రారో, వ్యాపారం చేసిన ఇంట్లో పుట్టినవాళ్ళకు వేరే చెప్పాలా?

అంతా విని మా వాడు, "మన గ్యారేజీ కూడా తీసుకునేవారా?" అన్నాడు. కారే పట్టని మా గ్యారేజీ చూసి నవ్వొచ్చింది గానీ, అడిగితే ఇవ్వక తప్పేది కాదని చెప్పాను.