నౌకరీ చేస్తూ దేశాన్ని గెలిచినవారు
హైదరాబాద్ పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. కరువు భత్యం, వేతన సవరణ, వైద్య ఖర్చుల వాపసు గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. తీర్థయాత్రల గురించి రాసేవారికీ కొదవ లేదు. అందుచేత మనలాంటి ప్రభుత్వోద్యోగులే ఒక జట్టుగా ఏర్పడి, 14 ఏళ్ల పాటు దేశంలోని పెద్ద పెద్ద క్లబ్బులను ఓడించిన కథను ఎన్నుకున్నాను. మన మనవళ్లకు క్రికెట్ లీగుల సంగతి కొట్టినపిండి. ఈ కథ మాత్రం వారికి తెలియదు. మన తరంలో కూడా పూర్తిగా తెలిసినవారు తగ్గిపోతున్నారు.

ముందుగా మన ప్రాంతం సంగతి ఒక్క మాట. ఈ కథ ఊపందుకున్న 1950 నాటికి మన దుమ్ముగూడెం హైదరాబాద్ రాష్ట్రంలో లేదు. భద్రాచలం తాలూకా అప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో, మద్రాసు రాష్ట్రంలో ఉండేది. గోదావరికి ఆవలి గట్టు మాత్రం మాజీ నిజాం రాజ్యం. 1959లో మనల్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాం. అంటే హైదరాబాద్ జట్టు తొలి విజయాలు మనకు పొరుగు రాష్ట్రం వార్తలు. ఆ తరువాతివి మాత్రం మన రాష్ట్రం పేరుతోనే వచ్చాయి.

పోలీసు బట్టల్లో ఆటగాళ్లు

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1939లో ఏర్పడింది. 1943లో బెంగుళూరు వెళ్లి ఆష్ గోల్డ్ కప్ గెలిచిన తరువాత దక్షిణాదిలో దాని పేరు నలుగురి నోటా పడింది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తాయే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు క్లబ్బుల చుట్టూ వేలాది అభిమానులు, చందాదారులు, పత్రికలు ఉండేవి. హైదరాబాదులో అటువంటి క్లబ్బు లేదు. ఉన్నదల్లా పోలీసు శాఖ, దానిలో ఖాళీ పోస్టులు, ఆటంటే ఇష్టపడే కొందరు అధికారులు.

బాగా ఆడే కుర్రవాడు కనిపిస్తే పోలీసు శాఖలో ఉద్యోగం ఇచ్చేవారు. నెల తిరిగేసరికి జీతం, వేసుకోవడానికి యూనిఫారం, ఆడే వయసు దాటిన తరువాత కూడా కొనసాగే సర్వీసు, చివరకు పింఛను. పేద ఇంటి పిల్లవాడికి ఇంతకంటే కావలసింది ఏముంది? కాలు విరిగితే ఇల్లు గడవదనే భయం లేనివాడే మైదానంలో ధైర్యంగా పరుగెత్తగలడు. ఆ జట్టు బలమంతా ఈ చిన్న ఏర్పాటులో ఉందని నా అభిప్రాయం. ప్రతిభ బస్తీల్లో ఎప్పుడూ ఉంది. దానికి అన్నం పెట్టింది నెల జీతం.

రహీం మాస్టారు

ఆ ప్రతిభకు క్రమశిక్షణ నేర్పినవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా జీవితం ప్రారంభించారు. 1940ల తొలినాళ్లలోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆటగాళ్లంతా ఆయనను రహీం సాబ్ అనేవారు. బడిలో పాఠం చెప్పినట్లే మైదానంలోనూ చెప్పేవారట.

ఆయన పద్ధతులు చిత్రంగా ఉండేవి. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒక్కడే దూసుకుపోవడం నిషేధించి కొన్ని పోటీలు పెట్టేవారు. దానివల్ల పక్కవాడికి బంతి అందించడం అలవాటవుతుంది. వాటం లేని కాలితోనే ఆడాలన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టేవారు. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో ఆడవలసిందే. ఇలా పొట్టి పాస్‌లతో, వేగంగా, అందరూ కలిసి ఆడే ఆట హైదరాబాద్ ముద్ర అయింది. ఖరీదైన పరికరాలతో పని లేకుండా, ఆట నియమాలు కొంచెం మార్చి ఆయన ఇంత సాధించారు. ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరైన మన సభ్యులకు ఈ కిటుకు విలువ బాగా తెలుస్తుంది.

కప్పుల లెక్క

ఇక విజయాల పట్టిక. అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ దేశంలోని అతి పాత పోటీలలో ఒకటిగా ఉండేది. దానిని హైదరాబాద్ పోలీసులు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచారు. తరువాత 1957లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసుగా మారిన తరువాత 1960లో, 1963లో గెలిచారు. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి సంయుక్త విజేతలు. మొత్తం 9 సార్లు.

డ్యూరాండ్ కప్ ఇంకా పాతది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అది ఢిల్లీలో జరిగేది. 1950 ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించి మనవాళ్లు దానిని గెలిచారు. మళ్లీ 1954లో, 1957లో, 1961లో గెలిచారు. 1957లో ఓడినది ఈస్ట్ బెంగాల్, 1961లో మళ్లీ మోహన్ బగాన్. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాద్‌కు వచ్చింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్లో బెంగాల్‌నే ఓడించింది.

దేశం జట్టుకు కూడా రహీం గారే గురువు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో నెగ్గి భారత్ స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాద్ మైదానాల్లో ఎదిగిన అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం గెలిచింది. అప్పటికే రహీం గారిని క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. పోలీసు జట్టు చివరి రోవర్స్ కప్పు గెలిచిన ఏడాది కూడా 1963యే కావడం గమనించదగ్గ విషయం. 2024లో ఆయన జీవితంపై 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చింది. ఆయన పేరు తొలిసారి అందులోనే విన్న కుర్రకారు ఎందరో!

జపానులో జరిగినది

ఇక్కడ కొంచెం దూరం వెళ్లి జపాను సంగతి చెప్పాలి. ఉద్యోగుల జట్లతో మొదలైన దేశం మనదొక్కటే కాదు. జపానులో అందరికీ ఇష్టమైన ఆట బేస్‌బాల్. కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి వస్తే పరుగు. మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు. 1872 ప్రాంతంలో ఒక అమెరికా ఉపాధ్యాయుడు ఆ దేశపు విద్యార్థులకు దానిని నేర్పాడు. 1927 నుంచి కంపెనీల ఉద్యోగుల జట్లు పట్టణాల పేరుతో పోటీలు పడుతున్నాయి. 1934లో యోమియురి అనే దినపత్రిక యాజమాన్యం జీతాలిచ్చే వృత్తి జట్టును పెట్టింది. 1936లో వృత్తి లీగు మొదలైంది. మిగిలిన జట్లలో కొన్నింటిని రైల్వే కంపెనీలు పెట్టాయి. ఆట చూడటానికి వచ్చేవారు రైలెక్కి రావాలి కదా, అదీ వారి లెక్క!

1950లో ఆ లీగు రెండుగా చీలింది. రెండింటి విజేతల మధ్య జపాన్ సిరీస్ మొదలైంది. మొదటి సిరీస్‌లో ఒక దినపత్రిక జట్టు మైనిచి, ఒక సినిమా కంపెనీ జట్టు షోచికును ఓడించింది. సరిగ్గా అదే ఏడాది మన పోలీసులు తమ తొలి రోవర్స్ కప్పు గెలిచారు. తరువాత 1965 నుంచి 1973 వరకు యోమియురి జెయింట్స్ జట్టు వరుసగా 9 సార్లు ఛాంపియన్ అయింది.

ఫుట్‌బాల్‌లో పోలిక ఇంకా దగ్గరగా ఉంటుంది. 1965లో జపాను 8 జట్లతో ఫుట్‌బాల్ లీగు పెట్టింది. ఫురుకావా, మిత్సుబిషి, హిటాచీ వంటి కంపెనీల ఉద్యోగులే అందులో ఆటగాళ్లు. మన పోలీసు జట్టు లాగానే పగలు ఉద్యోగం, సాయంత్రం ఆట. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వారికి కాంస్యం వచ్చింది. అయినా 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో వారిని మనవాళ్లు 1-0తో ఓడించారు. ఆ భారత జట్టు కెప్టెన్ హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. అంటే 1970 నాటికి మనం వారికి సరిజోడి.

ఆ తరువాత దారులు వేరయ్యాయి. 1993లో జపాను వృత్తి లీగు ప్రారంభించినప్పుడు పాత కంపెనీ జట్లను మూసివేయలేదు. వాటినే పట్టణాల క్లబ్బులుగా మార్చింది. మిత్సుబిషి జట్టు ఉరావా పట్టణానిది అయింది, సుమితోమో ఉక్కు కంపెనీ జట్టు కషీమా పట్టణానిది అయింది. ఉద్యోగుల కోసం పెరిగిన చెట్టునే ఊరందరికీ నీడగా చేశారు. 1998 నుంచి జపాను ప్రతి ప్రపంచ కప్పులోనూ ఆడుతోంది. మనం ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో చివరిసారి ఆడింది 1960లో రోమ్‌లో.

మనకు మిగిలినది

రహీం గారి తరువాత హైదరాబాదులో ప్రతిభ ఎండిపోలేదు. అది వలస పోయింది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన బలరాం అంతకుముందే, 1957లో, ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. తరువాత అక్కడి రైల్వే జట్టులో ఆడారు. బెంగాల్‌లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు. మహమ్మద్ హబీబ్ కూడా 1966లో కలకత్తా వెళ్లారు. ఉద్యోగాలు వచ్చినా కాదని ఆటనే వృత్తిగా పెట్టుకున్న అరుదైన మనిషి ఆయన. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించారు. కలకత్తాలో డబ్బూ ఉంది, పేరూ ఉంది. ఇక్కడ శాఖాపరమైన జట్లకు ఆటగాళ్ల నియామకాలు క్రమంగా పలచబడ్డాయి. జట్టును ఊరి క్లబ్బుగా మార్చే ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ ఖాళీలో కొత్తరకం జట్లు వచ్చాయి. డెక్కన్ ఛార్జర్స్ 2009లో దక్షిణాఫ్రికాలో క్రికెట్ ఐపీఎల్ గెలిచింది, 2012లో రద్దయింది. దాని స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్ 2016లో గెలిచింది. ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో వచ్చి, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి దేశ లీగు కప్పు తెచ్చింది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. జపానులోనూ యజమానులు జట్లను అమ్ముకున్న సందర్భాలు ఉన్నాయి. ఫుకువోకా నగరం 1978లో తన బేస్‌బాల్ జట్టును పోగొట్టుకుని పదేళ్లు ఎదురుచూసి, 1989లో మరొక జట్టును తెచ్చుకుంది. వేర్లు మిగిలి ఉన్నచోట కొమ్మ నరికినా చిగురు వేస్తుంది. మన వేర్లు ఉద్యోగుల జట్లలో ఉండేవి. వాటికి మనం నీరు పోయలేదు.

ఉద్యోగం ఇస్తే ఆటగాడు బద్ధకస్తుడవుతాడని కొందరు వాదిస్తారు. 1950 నుంచి 1963 వరకు ఉన్న పట్టిక ఆ వాదానికి సమాధానం చెబుతోంది. సర్వీసులో ఉన్న రోజుల్లో మా శాఖ వాలీబాల్ జట్టుతో నేనూ రెండుసార్లు అంతర్ శాఖల పోటీలకు వెళ్లాను. ప్రత్యేక ఆకస్మిక సెలవు మంజూరై, దారి బత్తెం చేతికి వస్తే చాలు, మావాళ్లలో ఎంత ఉత్సాహం వచ్చేదో కళ్లారా చూశాను. ఆటగాడికి కావలసింది భరోసా. అది జీతం రూపంలో వచ్చినా ఒకటే, కాంట్రాక్టు రూపంలో వచ్చినా ఒకటే. కాకపోతే కాంట్రాక్టు ఆడే వయసుతో ముగుస్తుంది. నౌకరీ ఇచ్చిన పింఛను వితంతువైన భార్య దాకా వెళుతుంది. ఈ తేడా మన సంఘం సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

మన ఏజెన్సీ గ్రామాల్లో గట్టి ఊపిరితిత్తులు, చురుకైన కాళ్లు ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు. గిరిజన ఆశ్రమ పాఠశాలల మైదానాల్లో సాయంత్రం పూట ఒక అరగంట నిలబడితే తెలుస్తుంది. వారికి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. క్రీడా కోటాలో ఒక కానిస్టేబులు ఉద్యోగం వచ్చిందంటే మాత్రం ఊరంతా తెలుస్తుంది. మరుసటి రోజు నుంచి ఇంకో పదిమంది మైదానానికి వస్తారు.

కనుక మన సంఘం తరఫున రెండు పనులు చేయవచ్చునని మనవి. మొదటిది, తమ తమ శాఖల జట్లలో ఆడిన సభ్యులు ఆ వివరాలను, ఫోటోలను కార్యదర్శిగారికి అందజేస్తే వాటిని ఒకచోట భద్రపరచవచ్చు. రెండవది, క్రీడా కోటా నోటిఫికేషన్లు వచ్చినప్పుడు దరఖాస్తులు, ధ్రువపత్రాలు నింపడంలో మన గిరిజన యువకులకు సాయపడటం. ఫైళ్లతో జీవితమంతా గడిపిన మనకు ఆ పని కష్టం కాదు. రహీం గారు బడిపంతులు ఉద్యోగంతో మొదలుపెట్టి అంత చేశారు. మనకు ఉన్న అనుభవంతో ఒక్క పిల్లవాడి దరఖాస్తు సరైన సమయానికి సరైన కార్యాలయానికి చేరినా, ఈ వ్యాసం రాసిన శ్రమకు ఫలితం దక్కినట్లే.