నోరులేని రోగము

పెండ్లియై నాలుగైదేండ్లు గడచినను కడుపు పండని కోడలిని వెంటబెట్టుకొని, అమావాస్యనాడు చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుని సన్నిధిని నిద్రచేయించుటయు, యాదగిరిగుట్ట నరసింహస్వామికి ప్రదక్షిణములు మ్రొక్కుకొనుటయు నల్లగొండ సీమలో తరతరములుగా వచ్చుచున్న యాచారములు. సంతానలేమికి కారణములు పెక్కులు. పురుషుని లోపము గలదు, గర్భనాళములకు సోకు క్షయ గలదు. వానిలో నొకటి క్లమీడియా యను సూక్ష్మజీవి వలన స్త్రీపురుష సంగమమున సోకు నంటు. ఇది సోకిన స్త్రీలలో అధికసంఖ్యాకులకు నొప్పిగాని మంటగాని యుండదు. ఏమియు తెలియనీయకయే అది కొందరికి గర్భనాళములను మూసివైచును, మరికొందరికి పిండము నాళముననే నిలుచునట్లు చేసి ప్రాణము మీదికి దెచ్చును. ఇట్టి రోగమును వెదకి పట్టవలసినదే గాని, అది తానై వచ్చి చెప్పుకొనదు. మన ప్రాంతపు వైద్యచరిత్రలో వెదకినవారు లేకపోలేదు. వారు వెదకినది మాత్రము ఈ కోడలిని గాదు.

నిజాము రాజ్యమున స్త్రీల గుహ్యరోగపరీక్ష దొరతనపు కార్యమై సాగినది సికింద్రాబాదు దండులో. తెల్లసిపాయిలు సెగ, సవాయి రోగముల పాలై మంచములు పట్టుచుండగా, మద్రాసు సైన్యాధికారులు తమ దండు స్థావరములయందు లాక్ ఆసుపత్రులను నెలకొల్పి, 1864 నాటి కంటోన్మెంటు చట్టమును 1868 నాటి అంటురోగముల చట్టమును ఆధారముగా జేసికొని, వేశ్యల పేరులను దాఖలా చేయించి, నియమిత దినములయందు పరీక్షకు రప్పించి, రోగము గనబడినవారిని నయమగువరకు నిర్బంధమున నుంచిరి. ఆ చట్టములు పట్టి పరీక్షించినది స్త్రీనే గాని, ఆమె కడకు బోయిన సిపాయిని గాదు. ఇంగ్లండులోను హిందూదేశములోను నిరసన చెలరేగుటచే 1888లో ఆ యంటురోగముల చట్టము రద్దయ్యెను. చట్టము పోయినను, ఈ పరీక్ష చెడిన ఆడుదానికే గాని సంసారికి గాదను తలంపు పోలేదు; నేటి డాక్టరు సైతము పదునెనిమిదేండ్ల యిల్లాలిని ఈ విషయమై అడుగ జంకుటకు మూలము కొంతవరకు అచ్చటనే యున్నదని నా యభిప్రాయము.

పరువుగల యిండ్లలోని స్త్రీల సంగతి వేరు. వారికి గోషా, పల్లెస్త్రీకి సిగ్గు. పురుషవైద్యుని చేయి సోకనీయని ఆ కాలమున మంత్రసానియే సర్వమును. ఈ స్థితిలో మిషనరీలు తెచ్చిన స్త్రీవైద్యము చిన్న మార్పు గాదు. అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు రష్యానుండి వచ్చి నల్లగొండలో బాప్టిస్టు మిషనును స్థాపించిరి. 1907లో అమెరికానుండి వచ్చిన మెన్నొనైటు వైద్యురాలు కాథరీనా షెల్లెన్‌బర్గ్ తెలంగాణలోని మిషను స్థావరములలో పనిచేసి, తుదకు శంషాబాదు ఆసుపత్రిలో 1945 వరకు, అనగా తన మరణపర్యంతము, స్త్రీలకు వైద్యము చేసెను. ఆమెతో స్త్రీలు చెప్పుకొనగలిగిరి. చెప్పుకొనుటకు బాధయే లేని రోగము మాత్రము ఆమె చేతికిని చిక్కునది గాదు.

శాస్త్రమును అప్పటికి తడవులాడుచునే యుండెను. 1907లో జావాద్వీపమున హాల్బర్‌స్టేటర్, ప్రోవాజెక్ అను పండితులు కండ్లకు వచ్చు ట్రకోమాలో ఈ క్లమీడియా జీవి జాడలను గనిరి; దానిని గ్రుడ్లలో పెంచి చూపినది చీనాదేశస్థుడగు టాంగ్ ఫేఫాన్, 1957లో. మన నాటువైద్యులు అడ్డగర్రలని పిలుచు గజ్జల వాపులలో కొన్నింటికి ఈ జాతి జీవియే కారణము. దక్షిణదేశమున ఈ రోగముల వైద్యము మద్రాసులో డాక్టరు ఆర్.వి. రాజము వంటివారి కృషితో శాస్త్రముగా స్థిరపడెను; కాని పెనిసిలిను వచ్చిన పిమ్మట లోకమునకు ఈ రోగములపై భయమును శ్రద్ధయు రెండును తగ్గినవి.

శ్రద్ధను మరల దెచ్చినది ఎయిడ్సు. 1992లో జాతీయ నియంత్రణ కార్యక్రమ మారంభమైన తరువాత, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడల మీదుగా బెజవాడకు బోవు రహదారి వంటి మార్గములలో లారీడ్రైవర్లను వేశ్యలను లెక్కించి సేవలందించుట ప్రధానమయ్యెను. పిదప సర్కారు దవాఖానలలో సురక్షా క్లినిక్కులు వెలసి, రంగురంగుల మందుల కిట్లు వచ్చినవి: గర్భాశయముఖపు స్రావమునకు బూడిదరంగు కిట్టు, అందులో ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్, పొత్తికడుపు నొప్పికి పసుపు కిట్టు. ప్రయోగశాల లేని పల్లెకు ఇది తెలివైన యేర్పాటే. కాని లక్షణము చెప్పినవారికే మందు. చెప్పుటకేమియు లేని స్త్రీ మరల వెలుపలనే మిగిలెను.

చెప్పుకొన్న స్త్రీకి మాత్రము న్యాయము జరిగినదా? తెల్లబట్ట యని వచ్చిన దానిని క్యాన్సరగునని బెదరించి గర్భసంచిని తీసివైచిన ప్రైవేటు నర్సింగుహోముల కథ తెలుగునాట అందరెరిగినదే. 2015–16 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి పోయినవారు దేశమున నూటికి 3.2 కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. కత్తికి ముందు జరుగవలసిన చిన్న పరీక్షలు ఎందరికి జరిగెనో యూహింపవచ్చును.

ఇతరదేశములవారు ఈ చిక్కును విప్పిన రీతి గమనింపదగినది. 1996లో ప్రకటితమైన సియాటిల్ పరిశోధనలో, బాధలేని యువతులను పిలిచి క్లమీడియాకు పరీక్షించినపుడు గర్భనాళముల శోథ సగమునకు పైగా తగ్గెను. ఇంగ్లండు 2003లో ఇరువదియైదేండ్ల లోపువారికి జాతీయ కార్యక్రమము నెలకొల్పెను. ఉత్తర కాలిఫోర్నియాలోని వైద్యశాలలలో డాక్టరు విచక్షణకు విడువక, వచ్చిన ప్రతి కౌమారబాలికనుండియు ముందుగనే సీసాలో మూత్రము సేకరించునట్లు నియమించగా, నూటికి 5గా నున్న పరీక్షలు 65కు పెరిగినట్లు 2002లో ప్రకటించిరి. డాక్టరు జంకును తొలగించినది ఉపన్యాసము గాదు, ఆ సీసాయే. అయినను 2018లో వెలువడిన ఆస్ట్రేలియా పల్లెవైద్యశాలల పరిశోధనలో పరీక్షలు పెరిగినను వ్యాప్తి చెప్పుకొనదగినంత తగ్గలేదు. కావున పరీక్షతోనే పని తీరునని భ్రమపడరాదు.

మన నల్లగొండలో ఆ సీసా ఇదివరకే యున్నది. గర్భిణి మొదట వచ్చినపుడే సవాయికిని ఎయిడ్సుకును రక్తమును, చక్కెరకును ఆల్బుమినుకును మూత్రమును పరీక్షించుట నియమము. ఎవరును నొచ్చుకొనరు, అందరికిని చేయుదురు గనుక. క్లమీడియా ఆ పట్టికలో లేదు. గర్భిణులకును, సంతానము లేదని వచ్చిన కొత్తకోడండ్రకును అడుగకుండగనే ఈ పరీక్షను జోడించినచో పెండ్లికాని పిల్లను ప్రశ్నించు ఇబ్బంది మొదట తప్పును. ఖర్చును ప్రయోగశాలలును సమకూర్చుట జిల్లా దవాఖానకు భారమే గాని యసాధ్యము గాదు. అంతకన్న కష్టము భర్త సంగతి: అతడును మందు మ్రింగనిచో భార్యకు నయమైనది మరల తిరుగబెట్టును, ఆ మందు చేతికిచ్చునపుడు అత్తగారిని వెలుపల గూర్చుండబెట్టి భర్తను లోనికి బిలుచు నేర్పు మన ఏ.ఎన్.ఎం.లకు శిక్షణలోనే నేర్పవలసి యున్నది.