గీతలు చదివిన స్త్రీలు

రేడియోధార్మిక కిరణాలు కంటికి కనబడవు. అవి దేన్ని దాటగలవు, దేని దగ్గర ఆగిపోతాయి అన్నదాన్ని బట్టి రూథర్‌ఫర్డ్ 1899లో వాటిని ఆల్ఫా, బీటా అని విడదీశాడు. ఆల్ఫాని ఆపడానికి కాగితం ముక్క చాలు. బీటాకి కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కావాలి. తర్వాత దొరికిన గామాని మందపాటి సీసం కూడా పూర్తిగా ఆపలేదు. జాడలూ వేరే. ఆల్ఫాది పొట్టిగా, లావుగా, తిన్నగా ఉంటుంది. బీటాది సన్నగా వంకర్లు తిరుగుతుంది. గామాకి సొంత జాడంటూ లేదు, అది తన్ని తరిమిన ఎలక్ట్రాన్ల గీతలే సాక్ష్యం.

1937లో, విశ్వకిరణాల్లో సీసపు పలకల్ని సైతం దాటిపోయే కొత్త కణం ఒకటుందని అమెరికాలో తేలింది. మీసోట్రాన్ అన్నారు. మరి దాని బరువెంత? కలకత్తా బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో బిభా చౌధురి (1913-1991), ఆచార్యుడు దేవేంద్ర మోహన్ బోస్‌తో కలిసి ఈ ప్రశ్న పట్టుకుంది. ఫొటోగ్రాఫిక్ ప్లేట్లని డార్జిలింగ్‌లోనూ, ఇంకా పైన సందక్‌ఫూలోనూ నెలల తరబడి ఉంచారు. ప్లేటు కడిగితే కణం నడిచిన దారి నల్లటి చుక్కల వరసగా తేలుతుంది. మైక్రోస్కోపు కింద ఆ చుక్కల మధ్య ఎడం, గీత పొడవునా వచ్చే చిన్న చిన్న వంపులు కొలవాలి. ప్రోటాన్ బరువైనది, పెద్దగా చెదరదు. తేలిక కణం ఎక్కువ వంగుతుంది. ఆ వంపుల్ని బట్టే బరువు ఎలక్ట్రాన్‌కి సుమారు 200 రెట్లని లెక్కగట్టి, 1940-42 మధ్య 'నేచర్'లో ప్రకటించారు.

యుద్ధం వల్ల మంచి ప్లేట్లు దొరకలేదు, తక్కువ సున్నితత్వం ఉన్నవాటితోనే సరిపెట్టుకున్నారు. 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం మెరుగైన ప్లేట్లతో పై-మీసాన్‌ని పట్టుకుంది. 1950 నోబెల్ పావెల్‌కి వచ్చింది. అక్కడ కూడా మైక్రోస్కోపుల ముందు కూచున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. పై-మీసాన్ మరో మీసాన్‌గా మారిన గీతని మొదట గుర్తుపట్టింది మరియెట్టా కుర్జ్.

బిభా నోబెల్‌ని దోచుకున్నారనే వాదన నాకు ఒప్పదు. ఆ ప్లేట్లలో రెండు రకాల మీసాన్లని విడదీయడం సాధ్యమయ్యేది కాదు. అయితే రాతప్రతులకి శుద్ధప్రతులు తీసిన ఆడవాళ్ళ పేర్లు వెతికే అలవాటున్న నాకు మరో సంగతి తగులుతుంది. గీతని చూసి ఇది ఫలానా కణం అని తేల్చడం పాండిత్యమే. దాన్ని ఓపిక అని, ఆడవాళ్ళకి సహజమైన గుణం అని పిలిచినప్పుడు ఆ పని చరిత్రలోంచి జారిపోతుంది.

ఈ పద్ధతికి తొలి అడుగు బోస్, చౌధురిలదేనని పావెల్ బృందమే 1959 నాటి తమ పుస్తకంలో రాసింది. బిభా మాంచెస్టర్‌లో డాక్టరేటు చేసి, 1949లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. బతికున్నంతకాలం మన పెద్ద సైన్సు అకాడమీల్లో ఏదీ ఆమెని ఫెలోగా ఎన్నుకోలేదు. ఆమె జీవితచరిత్ర 2018లో గానీ రాలేదు.